వంగని సైకిలు

మంత్రిగారు అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. అదీ జీడిపప్పు పకోడీ నములుతూ, వచ్చినందుకు ఏదో ఒకటి అడగాలి కదా అని అడిగారు. పాపం ఆయనకేం తెలుసు, ఆ ఒక్క ముక్కకి రాష్ట్రంలోని సైకిళ్ళన్నీ కదలడమే మానేయాల్సి వస్తుందని!

సందర్భం రాష్ట్ర శిలారోహణ సైకిల్ క్రీడా ప్రాధికార సంస్థ వార్షికోత్సవం. పేరు పొడుగు చూసి బెదిరిపోకండి. బండరాళ్ళ మీద సైకిలు తొక్కే ఆట ఒకటుంది, ట్రయల్స్ అంటారు, దాని బాగోగులు చూడటానికి పెట్టిన ఆఫీసు అది. ఈ ఆటలో సైకిలుకి సీటుండదు. నిలబడే నడపాలి. మేకపిల్లలా ఒక బండ మీంచి ఇంకో బండ మీదికి సైకిలుతో సహా ఎగరాలి. కాలు కింద పెడితే ఒక తప్పు. తప్పులు తక్కువున్నవాళ్ళు గెలిచినట్టు. అంతే ఆట. సంస్థ పెట్టిన కొత్తలో సామాన్ల తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన, సైకిళ్ళన్నిటికీ సీట్లు ఎవరో ఎత్తుకుపోయారని పోలీసు రిపోర్టు కూడా ఇచ్చాడు. ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ రోజు ఏసీ హాల్లో పెద్ద తెర మీద బోడగుట్ట రవళి వీడియో వేశారు. రవళి ఇంటిపేరు వేరే ఉంది గానీ, ఊరి పేరుతోనే అందరికీ తెలుసు. ఆ ఊళ్ళో నేల కంటే బండలే ఎక్కువ. తెర మీద రవళి ఇంటికప్పంత ఎత్తున్న బండ మీంచి వెనక చక్రం మీద కిందికి దూకింది. సంస్థవాళ్ళు ఉత్సాహం పట్టలేక ఆ దూకుడుని బాగా నెమ్మదించి చూపించారు. చక్రం రాతిని తాకింది. సన్నటి ఉక్కు గొట్టాలతో చేసిన ఆ తేలికపాటి ఫ్రేము ఒక్క క్షణం ఇంత వంగి, మళ్ళీ చక్కగా లేచి, పిల్లని పక్క బండ మీదికి అందించింది. వెనక వరసలో కూర్చున్న రవళి గర్వంగా నవ్వుకుంది.

"అదేంటయ్యా, సైకిలు వంగుతోంది?" అన్నారు మంత్రిగారు.

డైరెక్టరు కుముదినీదేవి గారు లేచి, "పరిశీలనలో ఉంది సర్" అన్నారు. పరిశీలనలో ఏముందో ఆవిడకీ తెలీదు. కానీ ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ మాట ఆవిడని ఎప్పుడూ ముంచలేదు. మంత్రిగారు ఇంకో పకోడీ తీసుకున్నారు, ప్రశ్న సంగతి అక్కడికక్కడే మరిచిపోయారు. సంస్థ మాత్రం మరిచిపోలేదు.

ఇక్కడ రవళి సంగతి ఒకటి చెప్పాలి. వచ్చే ఏడాదికి ఆమెకి ఇరవై మూడు నిండుతాయి. నిండితే కుర్రకారు విభాగంలో చోటు లేదు. పెద్దల విభాగం మన రాష్ట్రంలో సూత్రప్రాయంగా మాత్రమే ఉంది, అంటే లేదు. జాతీయ పోటీలకి రాష్ట్రం నుంచి ఒక్కరే వెళ్ళాలి. నిరుడు వెళ్ళాల్సింది, కాలు మడతపడి ఆగిపోయింది. కనుక ఈ ఏడు వెళ్తే వెళ్ళినట్టు, లేదంటే ఆ బండల మీద ఆమె చిన్నప్పట్నుంచీ పడ్డ పాట్లన్నీ బోడగుట్ట దాటకుండానే ముగిసినట్టు. ఆమెకి వేరే కోరికేమీ లేదు. దేశంలో బాగా ఆడేవాళ్ళ మధ్య ఒక్కసారి ఆడాలి, అంతే.

వంగుడు మీద కమిటీ వేశారు. సైకిలు గురించి తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని వెతికితే ఉన్నారు గానీ వాళ్ళెవరికీ తగిన హోదా లేదు. హోదా ఉన్నవాళ్ళలో ఖాళీగా ఉన్నది తాడూరి విశ్వంభరం గారు ఒక్కరే. ఆయన వంతెనల ఇంజనీరుగా రిటైరయ్యారు. ఆయన కట్టిన వంతెనల్లో ఒక్కటి కూడా ఇసుమంత కదల్లేదని పేరు. అందులో ఒకటైతే మరీ గట్టిది. దాని కింద ఏరు లేదు, పైన రోడ్డు లేదు, కదిలించడానికి అటువైపు ఎవరూ వెళ్ళరు.

మనిషి మంచివాడే. లంచం ఎరగడు, ఆఫీసు కాఫీ కూడా ముట్టడు, ఇంటి నుంచే ఫ్లాస్కు తెచ్చుకుంటాడు. ఆయనకున్న భయమల్లా ఒక్కటే, తన హయాంలో ఏదైనా కూలుతుందేమోనని. మొదటి సమావేశంలోనే లేచి గొంతు సవరించుకుని, "వంగుట అనగా భారమునకు లోబడి స్వరూపమును కోల్పోవుట. స్వరూపము కోల్పోయిన వస్తువుపై ప్రభుత్వము తన క్రీడాకారులను నిలబెట్టజాలదు" అన్నారు. అందరూ బల్లలు చరిచారు. ఆ సాయంత్రమే నిబంధన వెలువడింది. ఏ సైకిలు చట్రమైనను, ఏ స్థితియందైనను, ఏ దిశయందైనను వంగరాదు. వంగినచో అనర్హము.

పరీక్ష కూడా ఆయనే కనిపెట్టారు. వంతెనలకి చేసేదే. రెండు ఇటుక దిమ్మెల మీద సైకిలుని అడ్డంగా పడుకోబెట్టి, దాని మీద ఇసుక బస్తాలు పేర్చి, కింద ముల్లున్న కొలత పరికరం ఒకటి పెట్టి ఒక రోజంతా వదిలేయాలి. ముల్లు కదిలిందా, సైకిలు పోయింది.

రవళి సైకిలు మీద మొదటి బస్తా వేయకముందే ముల్లు కదిలింది. బస్తా తెచ్చిన కూలీ సైకిలు మీద చెయ్యి ఆనించాడట.

"సార్, ఒక్క మాట సార్," అంది రవళి. "నేను మీదికెల్లి దూకినప్పుడు అది జర ఒంగుతది సార్. ఒంగి మళ్ల లేస్తది. గా లేసుడుతోనే నేను ఇంకో బండ మీదికి పోత. గట్టిగుంటే దెబ్బంత నా చేతులకే వస్తది."

విశ్వంభరం గారు ఆమెని జాలిగా చూశారు. "అమ్మా, వంతెన వంగి మళ్ళీ లేస్తే, దాని మీద నువ్వు నడుస్తావా?"

"గిది వంతెన కాదు కద సార్."

"అన్నీ వంతెనలేనమ్మా. రెండు ఆధారాల మధ్య నిలిచిన ప్రతి వస్తువూ వంతెనే. నువ్వు ఇప్పుడు రెండు కాళ్ళ మీద నిలబడి ఉన్నావు. శాస్త్రరీత్యా నువ్వూ వంతెనవే."

రవళి ఏదో అనబోయింది. వెనక నుంచి ఆమె కోచ్ ఆనందం సారు చొక్కా పట్టి లాగాడు. ఈయన బోడగుట్ట హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. రవళికి సైకిలు పట్టడం నేర్పింది ఈయనే. ఊళ్ళో ఈల ఊదితే రెండు వీధులు అటెన్షన్‌లో నిలబడతాయి, ఆఫీసరు కనబడితే మాత్రం ఆ ఈల జేబులో దాచుకుంటాడు.

"ఊకో బిడ్డా. పెద్దసారుతోని వాదం పెట్టుకుంటవా? వాళ్ళు చెప్పినట్టు చేద్దాం. ఇదొక్కటి దాటితే అయిపాయె."

చెప్పినట్టే చేశారు. ఇనుప గేట్లు చేసే షాపుకి తీసుకెళ్ళి, ఫ్రేముకి నాలుగు వైపులా ఇనుప పట్టీలు అతికించారు. మంట తగిలిన చోటల్లా ఆ పలుచటి గొట్టం నల్లగా కమిలిపోయింది. ఊళ్ళో జనం తలా కొంచెం వేసుకుని కొనిపెట్టిన సైకిలు అది. రవళి కాసేపు ఓర్చుకుంది, తర్వాత షాపు బయటికొచ్చి గోడకి ఆనుకుని ఏడ్చింది.

ఈసారి ముల్లు కదల్లేదు. విశ్వంభరం గారు స్వయంగా ఆమె భుజం తట్టి, "చూశావా, ఇప్పుడు నిజమైన సైకిలయింది" అని సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. రవళి దాన్ని తీసుకెళ్ళి బోడగుట్ట బండ మీద దించింది. సైకిలు ఆమెని గిరాటేసి తుప్పల్లో పారేసింది. రెండు మణికట్లూ పూరీల్లా పొంగాయి.

అంతటితో ఆగిందా? ఆగితే అది సంస్థ ఎందుకవుతుంది? వంగుడు కమిటీ ఈలోగా వంగుడు విభాగమైంది. దానికి ఎదురు గదిలో తేలికదన విభాగం ఉంది. ఇది తేలికపాటి సైకిళ్ళ పోటీ కనుక బరువు చూడటం వాళ్ళ పని. ఈ రెండు విభాగాల పెద్దలకీ వరండాలోని కూలరు ఎవరి గది వైపు తిరగాలన్న దాని మీద గొడవై, అప్పట్నుంచీ మాటల్లేవు. రవళి సైకిలుని దొర్లించుకుంటూ వస్తే తేలికదనం అధికారి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఈ గేటు ఎవరిది? ఇక్కడ ఎందుకు పెట్టారు?"

"గేటు కాదు సార్. సైకిల్."

"తల్లీ, నేను ఇరవై రకాల సైకిళ్ళు తూచినవాణ్ణి. ఇది గేటు."

వంగకూడదంటే బరువెక్కుతుంది, బరువెక్కకూడదంటే వంగుతుంది. ఈ చిక్కు విడదీయడానికి డైరెక్టరు గారు రెండు విభాగాలనీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడరు కనుక ఇద్దరూ ఆవిడతోనే మాట్లాడారు. భోజనాల వేళకి మహత్తరమైన పరిష్కారం దొరికింది. వంగుట చట్రానికి సంబంధించింది, బరువు మొత్తానికి సంబంధించింది. కాబట్టి చట్రాన్ని ముట్టుకోకుండా మిగతావి తగ్గించాలి. రవళి సైకిలు నుంచి చెయిను తీశారు, పెడళ్ళు తీశారు, బ్రేకులు తీశారు. ఇంకా తూకం ముల్లు దిగలేదు. చివరికి రెండు చక్రాలూ తీసేశాక, "ఇప్పుడు తేలికగా ఉంది" అని అధికారి తృప్తిగా ముద్ర కొట్టాడు. చక్రాలని అనుబంధ పరికరాలుగా గుర్తించి, అవసరాన్ని బట్టి, ముందస్తు అనుమతితో, తాత్కాలికంగా బిగించుకోవచ్చని వెసులుబాటు కూడా ఇచ్చారు. సంస్థకి దయాదాక్షిణ్యాలు లేవని ఎవరూ అనకూడదు.

"సార్, నాకు తల తిరుగుతున్నది," అంది రవళి బస్సులో.

"ఇదొక్కటి దాటినం కద బిడ్డా," అన్నాడు ఆనందం సారు. ఆయన ఒళ్ళో రెండు చక్రాలున్నాయి.

తర్వాతి నెల సంస్థవాళ్ళు మళ్ళీ వీడియో తీశారు. చక్రాలు బిగించుకునే అనుమతి ఆ రోజుకి వచ్చింది. రవళి మణికట్లకి గుడ్డ చుట్టుకుని, గట్టి సైకిలు మీద చిన్న బండ మీంచి ఎలాగో దిగింది. కమిటీ ఆ వీడియోని నెమ్మదించి చూసింది. ఫ్రేము వంగలేదు. శభాష్. అయినా తెర మీద ఎక్కడో ఏదో వంగుతోంది. ముందుకి తిప్పి, వెనక్కి తిప్పి చూశారు. చివరికి విశ్వంభరం గారే కర్ర పుల్లతో చూపించారు.

"మోకాలు!"

అందరూ ముందుకి వంగి చూశారు. నిజమే, దిగేటప్పుడు పిల్ల మోకాళ్ళు వంగుతున్నాయి.

"వంపు సైకిలులో నిర్మూలింపబడి క్రీడాకారిణిలోనికి వలసపోయినది. రోగము ఒక అవయవమును విడిచి మరొక అవయవమును ఆశ్రయించినది," అన్నారు విశ్వంభరం గారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

వారం తిరక్కుండానే క్రీడాకారుల మోకాళ్ళకి వెదురు బద్దలు కట్టాలని ఆదేశం వచ్చింది. ఆస్పత్రిలో ఎముకల డాక్టరుగారు కట్టి, బిగుతు సరిపోయిందని సంతకం చేయాలి. ఆయన వరసగా వచ్చిన కుర్రవాళ్ళని చూసి, "అందరూ ఒకే బండ మీంచి పడ్డారా ఏమిటయ్యా?" అని నోరెళ్ళబెట్టాడు. సగం మంది అక్కడే సైకిళ్ళు వదిలేసి ఇళ్ళకి పోయారు. ఒకడు కబడ్డీలో చేరాడు. రవళి పోలేదు. బద్దలు కట్టించుకుని, రెండు కర్రల్లాంటి కాళ్ళతో బస్సు మెట్లు ఎక్కలేక పక్కకి తిరిగి ఎక్కింది. ఇదొక్కటి, ఇదొక్కటే అని తనకి తను చెప్పుకుంటూనే ఉంది. ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ పిల్లకి బుద్ధి లేదా అని. బుద్ధి ఉంది, కోరిక అంతకన్నా పెద్దది.

రాష్ట్ర ఎంపిక రోజు వచ్చింది. మోకాళ్ళు వంగని మనిషి చక్రాల్లేని సైకిలు మీద బండలెక్కడం కుదరదని ఆఖరికి సంస్థ కూడా గ్రహించింది. అందువల్ల బండలని రద్దు చేశారు. స్టేడియం ఆవరణలో క్రీడాకారులు సైకిలు మీద నిలబడి ఉంటారు, సైకిళ్ళకి స్టాండ్లు వేసి ఉంటాయి, కొలతల బృందం వచ్చి ముల్లు పెట్టి చూసి మార్కులేస్తుంది. దీనికి స్థిర ప్రదర్శన అని పేరు పెట్టారు. ఎండలో అందరూ పొగాకు ఆరబెట్టే బేరన్ దగ్గర పాతిన గుంజల్లా నిలబడ్డారు.

కొలతల బృందం ఒక ప్రైవేటు ఏజెన్సీ నుంచి వచ్చింది. ఆవరణలో సైకిలు మీద నిలబడి ఉన్న ప్రతి ఒక్కరినీ కొలవండి అన్నది వాళ్ళకిచ్చిన ఉత్తరువు. వాళ్ళు నిజాయితీగా గేటు దగ్గర్నుంచే మొదలుపెట్టారు. గేటు పక్కన దిమ్మె మీద ఒక సిమెంటు విగ్రహం ఉంది, హెల్మెట్ పెట్టుకుని సైకిలు తొక్కుతున్నట్టు. రైసుమిల్లువాళ్ళు వాళ్ళమ్మ పేరు మీద చేయించి ఇచ్చారు. కింద రాతి పలక మీద కీర్తిశేషులు గుండా అన్నపూర్ణమ్మ గారి జ్ఞాపకార్థం అని చెక్కి ఉంది. బృందం ఫ్రేముకి ముల్లు పెట్టింది, కదల్లేదు. మోకాలికి పెట్టింది, కదల్లేదు. తూకం మెషీను మీదికి ఎక్కించబోతే విగ్రహం లేవలేదు, మెషీను మీద సున్నా అని ఉంది, సున్నా వేసుకున్నారు. కాలు కింద పెట్టిందా అని చూశారు. ప్రతిష్ఠించినప్పట్నుంచీ పెట్టలేదు. పేరు పలక మీద ఎలాగూ ఉంది.

సాయంత్రం ఫలితాలు చదివారు. ప్రథమ స్థానం, జి. అన్నపూర్ణమ్మ. ద్వితీయ స్థానం, రవళి. ఆమె దగ్గర ముల్లు వెంట్రుకవాసి కదిలింది. ఊపిరి తీసుకున్నదట.

రవళి బద్దల కాళ్ళతో డైరెక్టరు గారి గదిలోకి నడిచింది. "మేడం, అది బొమ్మ."

కుముదినీదేవి గారు తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "అమ్మాయ్, నాకూ కళ్ళున్నాయి. కానీ ఫైల్లో ఎక్కడా బొమ్మ అని లేదు."

"పోనీ గేటు దాక వచ్చి చూడున్రి మేడం! గిది ఏం న్యాయం?"

"చూస్తే చూసినట్టు రాయాలి. రాస్తే ఏజెన్సీ తప్పంటుంది, ఏజెన్సీ తప్పయితే ఉత్తరువు తప్పు, ఉత్తరువు తప్పయితే నిబంధన తప్పు. నిబంధన మంత్రిగారి ప్రశ్న మీద పుట్టింది. ఇప్పుడు మంత్రిగారి ప్రశ్న తప్పని నన్ను రాయమంటావా?"

పక్కనే ఉన్న విశ్వంభరం గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతో. "జీవితమంతా వెతికాను. బొత్తిగా వంగని నిర్మాణాన్ని ఇన్నాళ్ళకి చూశాను. సిమెంటు అయినంత మాత్రాన వివక్ష చూపగలమా అమ్మా?"

రవళికి ఒళ్ళు మండిపోయింది. అప్పటికప్పుడు బద్దలు విప్పి ఆ గదిలోనే పారేసింది. విప్పాక మోకాళ్ళు వంగడానికి చాలాసేపు పట్టింది.

జాతీయ పోటీలు పొరుగు రాష్ట్రంలో ఒక కొండ ఊళ్ళో. క్రీడాకారిణికి వెంట ఒక మేనేజరు, ఒక సహాయకురాలు ఉండాలని నియమం. మేనేజరుగా ఆనందం సారుని, సహాయకురాలిగా ద్వితీయ స్థానంలో వచ్చిన రవళిని పంపారు. వెళ్ళనని రెండు రోజులు భీష్మించుకుంది. మూడో రోజు, ఆడకపోయినా కనీసం ఆడేవాళ్ళని చూడొచ్చని, దిమ్మె మీంచి పెకలించిన విగ్రహాన్ని ఎక్కించిన లారీలోనే తనూ ఎక్కింది. గుర్తింపు కార్డు మీద విగ్రహం ఫోటో అంటించారు. హెల్మెట్‌తో, ముఖం మీద కొంచెం కాకిరెట్టతో.

ఘాట్ రోడ్డులో స్పీడు బ్రేకరు ఒకటి అడ్డొచ్చింది. లారీ ఎగిరింది, లారీ కింద స్ప్రింగు పట్టీలు వంగి లేచాయి, లారీకేం కాలేదు. విగ్రహం నడుం దగ్గర ఫట్‌మని రెండయింది. తర్వాతి మలుపులో చేతులూడాయి. కిందికి దిగి చూసేసరికి సిమెంటు పెళ్ళలూ, వాటిలోంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలూ మిగిలాయి. ఆనందం సారు చెమటలు కక్కుతూ విశ్వంభరం గారికి ఫోను చేశాడు.

"సార్, ఇరిగిపోయింది సార్!"

"వంగిందా?"

"లేదు సార్, ఇరిగింది. ముక్కలు ముక్కలయింది."

"నేనడిగింది చెప్పండి. వంగిందా, లేదా?"

"వంగలే సార్."

"భేష్! మన నిబంధనలు వంగుట గురించే. విరుగుటపై నిషేధం లేదు. క్రీడాకారిణి అర్హత యథాతథం. ముందుకు సాగండి."

ముక్కల్ని గోనెసంచుల్లో కట్టుకుని ముందుకి సాగారు.

పోటీ జరిగే చోటు కనబడగానే రవళి లారీ దిగి బండల దగ్గరికి పరుగెత్తింది. ఎన్ని బండలు! ఎర్రవి, నల్లవి, పచ్చని పాచి పట్టినవి. వాటి మీద దేశం నలుమూలల పిల్లలు ఎగురుతున్నారు. వాళ్ళ సైకిళ్ళు వంగుతున్నాయి, లేస్తున్నాయి, వాళ్ళ మోకాళ్ళూ అంతే, ఎవరికీ ఏమీ అనిపించడం లేదు. కేరళ నుంచి వచ్చిన ఏంజెలా అనే అమ్మాయి తన వంతు పూర్తి చేసుకుని, నీళ్ళు తాగుతూ పక్కన కూర్చుంది. ఆమె సైకిలు అచ్చం రవళి పాత సైకిలు లాంటిదే, అంతే సన్నటి గొట్టాలు. రవళి అడక్కుండానే దాని మీద చెయ్యి వేసింది. ఏంజెలా వచ్చీరాని హిందీలో తీసుకో అంది. ఈ ఆటలో పోటీ పోటీయే గానీ, సైకిలు అడిగితే లేదనరు.

మైకులో పిలిచారు. "జి. అన్నపూర్ణమ్మ!"

ఆనందం సారు గోనెసంచుల వైపు చూశాడు. రవళి వైపు చూశాడు. రెండోసారి పిలిచారు. జేబులోంచి ఈల తీసి, జీవితంలో మొదటిసారి ఆఫీసర్ల ముందు గట్టిగా ఊదాడు.

"ఈమెనే సార్ అన్నపూర్ణమ్మ! వస్తున్నది! పో బిడ్డా, చూస్తవేంది, పో!"

"సార్, దొరికిపోతే?"

"దొరికితే నా నౌకరి పోతది. ఇన్ని దినాలు నిన్ను ఆపినందుకు అది తక్కువే. నడువు!"

అక్కడి అధికారి కార్డు మీది ఫోటో చూశాడు, హెల్మెట్ పెట్టుకున్న రవళిని చూశాడు. ఫోటోలో కొంచెం బూడిద రంగుగా వచ్చారు అని మాత్రం అన్నాడు.

రవళి మొదటి బండ ఎక్కి, వెనక చక్రం మీద కిందికి దూకింది. కాళ్ళ కింద ఫ్రేము వంగింది. వంగి, ఆమె బరువునంతా ఒక్క క్షణం తనలో దాచుకుని, తిరిగి ఆమె చేతికే ఇచ్చింది. మణికట్లకి దెబ్బ తగల్లేదు. ఎన్నాళ్ళయిందో ఆ లేచుడు ఒంటికి తెలిసి! ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిపి మింగేసి తర్వాతి బండ మీదికి పోయింది. ఒక్కచోట కాలు కింద పెట్టింది. మిగతా అంతా గాలిలోనే. దిగేసరికి ఏంజెలా ఈలలేస్తోంది, ఆనందం సారు గోనెసంచి మీదికెక్కి చేతులూపుతున్నాడు. కాంస్య పతకం వచ్చింది. మెడలో వేస్తూ అన్నపూర్ణమ్మ గారూ అభినందనలు అన్నారు.

సంస్థ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పతకాన్ని లారీ దగ్గరే స్వాధీనం చేసుకున్నారు. స్టేడియం హాల్లో సభ పెట్టి, వంగని విధానానికి తొలి పతకం అని బ్యానరు కట్టారు. విశ్వంభరం గారు మైకు పట్టుకుని, నిబంధనని విమర్శించిన వాళ్ళకి ఇదే సమాధానమన్నారు. చప్పట్లు మోగుతుండగా రవళి వెనక వరసలోంచి లేచింది.

"సార్, అది నేను నడిపిన. ఒంగే సైకిల్ మీద నడిపిన. మోకాళ్ళు ఒంచి నడిపిన. మీ బొమ్మ తొవ్వలనే ఇరిగిపోయింది."

ఆనందం సారు కూడా లేచి నిలబడ్డాడు. "నిజం సార్. నేనే పంపిన."

హాల్లో కలకలం రేగింది. విశ్వంభరం గారు కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు. "అమ్మా, నువ్వు ఎంపిక కాలేదు. ఎంపిక కానివారు పాల్గొనజాలరు. పాల్గొనజాలనివారికి పతకం రాజాలదు. పతకం వచ్చింది. కావున నువ్వు పాల్గొనలేదు. ఇందులో నీకు అర్థం కానిది ఏముంది?"

డైరెక్టరు గారు రవళి కళ్ళలోకి చూడకుండా వందన సమర్పణ మొదలుపెట్టారు. జనం పులిహోర వైపు కదిలారు. పతకాన్ని మేళతాళాలతో గేటు దగ్గరికి తీసుకెళ్ళి, విగ్రహం పోగా దిమ్మె మీద మిగిలిన ఇనుప చువ్వకి తగిలించి, కొబ్బరికాయ కొట్టి, అందరూ లోపలికి వెళ్ళిపోయారు.

రవళి ఒక్కతే గేటు దగ్గరికి నడిచింది. దిమ్మె ఎక్కి పతకం చేతిలోకి తీసుకుంది. గేటు కాపలా ముసలాయన పరుగెత్తుకొచ్చాడు.

"ఏయ్, ఏయ్ బిడ్డా! ముట్టకు. ఎవరిదనుకున్నవ్ అది?"

"నాదే అన్నా."

"నీదెట్లయితది? నీ పేరేంది?"

రవళి దిమ్మె మీంచి దిగి, పలక మీది అక్షరాల మీద వేలు పెట్టింది. "ఇగో, అన్నపూర్ణమ్మ."

ముసలాయన వంగి, కూడబలుక్కుంటూ పలకంతా చదివాడు. ఆమె ముఖంలోకి చూశాడు. మళ్ళీ పలక చూశాడు. "మరి గిక్కడ కీర్తిశేషులని ఉన్నది కద?"

"బతికున్నోళ్ళను ఈ ఆఫీసోళ్ళు గట్లనే రాస్తరన్నా," అంది రవళి. పతకం మెడలో వేసుకుని బస్టాపు వైపు నడిచింది.